రంగులు వద్దన్న విక్టర్ అన్న

పోయిన వారం విక్టర్ అన్న రిటైర్మెంట్ సభకు నవ్వుకుంటూ వెళ్లి, ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చాను. సభలో లోటేమీ లేదు. మలక్‌పేటలో ఏసీ ఫంక్షన్ హాలు, వేదిక నిండా పూలు, వెనక పెద్ద ఫ్లెక్సీ మీద నల్ల కళ్లద్దాలతో నవ్వుతున్న విక్టర్ అన్న. ఒక ప్రభుత్వ కార్యాలయంలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడి నుంచే దిగిపోతున్నాడాయన. పుట్టుకతోనే చూపు లేదు. మైకు అందుకున్న ప్రతి ఒక్కరూ ఆయన మనందరికీ ప్రేరణ అన్నారు. ఒకాయన జేబురుమాలు తీసి కళ్లు కూడా ఒత్తుకున్నాడు. దేనిలో ప్రేరణో మాత్రం ఎవరూ చెప్పలేదు. తెలుగు అక్షరాలను పైకి చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుందనీ, చూపులేనివాళ్లు ఎంతోమంది దాంతో రోజూ పేపరు చదువుకుంటున్నారనీ, అందులో సగం ఈ మనిషి చేతి రాతేననీ ఒక్కరి నోటా రాలేదు. నేను ముందు వరస కుర్చీలో అటూ ఇటూ కదులుతుంటే, పక్కనే కూర్చున్న విక్టర్ అన్న నా మోచేయి మీద తట్టి, "పద్మా, ఊకో. వీళ్లు జెల్ది ముగిస్తే అన్నం తిందం" అన్నాడు. అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ నేనెందుకు ఊరుకోవాలి?

నాకు తెలిసిన విక్టర్ అన్న మహా పేచీకోరు. ఒకరి ప్రోగ్రాం మీద ఇంకొకరిది పడకుండా మా చిన్న గుంపు వెర్షన్ కంట్రోల్ కోసం ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలన్న దాని మీద ఆయన మాతో పెట్టుకున్న పేచీ ఉంది చూశారూ, ఆ పేచీ లేకపోతే ఇవాళ ఆ చదివే గొంతే లేదు. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి, ఎందుకంటే అంతా జరిగింది మా ముందరి గదిలోనే.

సైదాబాద్‌లో అప్పటి మా ఇల్లంటే ముందు రెండు గదులు, వెనక బర్రెల కొట్టం. తెల్లవారక ముందే బాపు లేచి గట్టిగా దగ్గేవాడు. ఆ దగ్గుతోనే బర్రెలూ లేచేవి, మేమూ లేచేవాళ్లం. తౌడు, పల్లిచెక్క నానిన వాసన, పేడ వాసన, వాటి మీద అమ్మ పొద్దున్నే వేసే సాంబ్రాణి పొగ, ఇవన్నీ కలిసి ఒక వాసనై నా జడలోనూ పుస్తకాల్లోనూ ఉండిపోయేది. కాలేజీలో పక్కన కూర్చున్న అమ్మాయిలు ముక్కు చిట్లిస్తే నేను ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చునేదాన్ని. బర్రెల పాలతో కట్టిన ఫీజుకు సిగ్గెందుకు? అమ్మ పాల క్యాన్లు బోర్లించి ఎండలో పెట్టేది. బాపు వాటి మీద వేలితో కొట్టి, ఆ చప్పుడును బట్టి తడి ఆరిందో లేదో చెప్పేవాడు. పేపరు వస్తే అమ్మ దాన్ని తిరగేసి బొమ్మలు చూసి పక్కన పెట్టేది. ఆమెకు చదువు రాదు. చదివి పెట్టమని అడగడానికి మొహమాటం, అడక్కుండా ఉండడానికి మనసొప్పదు. నేను తల దువ్వుకుంటూ పైకి చదువుతుంటే ఏదో పని ఉన్నట్టు అక్కడక్కడే తిరిగేది.

బాపుకు పాలు పోయడంలో ఒక పద్ధతుంది. పొడుగు కాడ ఉన్న అల్యూమినియం కొలత ఒకటే ఉండేది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే పోయాలి. రెండో మనిషి క్యాను మూత కూడా ముట్టకూడదు. అమ్మా ఆయనా ఇద్దరూ పోస్తే ఒకింటికి రెండుసార్లు పడతాయి, ఇంకో ఇంటికి అసలు పడవు. గేటు దగ్గర గిన్నెలు పట్టుకుని ఎంతమంది నిలబడ్డా, కొలత పట్టుకున్న మనిషి మధ్యలో ఎవరితోనైనా ముచ్చట్లలో పడ్డా, అందరూ ఆగాల్సిందే. మా వాడకట్టులో దీనికి ఎవరూ విసుక్కోలేదు. నాకైతే ప్రపంచంలో అంతకంటే తెలివైన ఏర్పాటు లేదనిపించేది.

నేను పగలు మలక్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. ఒక రోజు విక్టర్ అన్న చేతికర్ర తట్టుకుంటూ మెట్లెక్కి వచ్చి, "తెలుగు సదివే కంప్యూటర్ ఉన్నదా మీ తాన?" అని అడిగాడు. ఇంగ్లిష్ చదివేది ఉంది, తెలుగు చదివేది లేదన్నాను. "ఎందుకు లేదు?" అన్నాడు. ఆ ప్రశ్నకు నాకు రోషమొచ్చింది. మా సెంటర్ కిందనే కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడిపే సలీం భాయ్‌ని పిలిచాను. బార్కస్ బస్తీ మనిషి, అరబ్బుల వంశం, ఆజానుబాహువు, నవ్వితే వీధి చివరిదాకా వినబడేది. అలా ముగ్గురం కలిశాం. మా సెంటర్లో పాఠాలు చెప్పే మరో ఇద్దరు అప్పుడప్పుడూ వచ్చి చెయ్యి వేసేవాళ్లు. ఎవరికీ జీతం లేదు, ఎవరూ అడగలేదు. ఆదివారం మధ్యాహ్నాలు మా ముందరి గదిలో, అమ్మ పాత చీర ముక్క కప్పిన కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లం. కరెంటు పోతే చాయ్, వస్తే పని. అమ్మ ఇచ్చే చాయ్‌లో నీళ్లుండేవి కావు, ఒట్టి పాలే. సలీం భాయ్ దాన్ని చాయ్ అనడానికి ఒప్పుకునేవాడు కాదు, తాగడం మాత్రం మానలేదు.

విక్టర్ అన్నకు ఇంట్లో కంప్యూటర్ లేదు. ఆఫీసు అయ్యాక సాయంత్రాలు మా ఇంటికొచ్చి ఇంగ్లిష్ గొంతు ఒక్కో అక్షరం పలుకుతుంటే వింటూ ప్రోగ్రాం రాసేవాడు. సలీం భాయ్ దుకాణంలో రాసేవాడు. నేను సెంటర్లో రాసేదాన్ని. మరి ముగ్గురి రాతా ఒకచోటికి చేరాలంటే? బాపు పద్ధతే పెట్టుకున్నాం. ఒకే పెన్ డ్రైవ్, దానికి ఎర్ర దారం, మా ముందరి గది గూట్లో దాని చోటు. అది ఎవరి దగ్గరుంటే వాళ్లే ప్రోగ్రాంను మార్చాలి, మిగతావాళ్లు ఆగాలి. పాలోళ్ల ఇంట్లో పుట్టిన ప్రాజెక్టు గనుక మాకు అదే లోకన్యాయంగా తోచింది. ఇంకెక్కడైనా చెబితే నవ్వేవాళ్లేమో, మేం మాత్రం గర్వంగానే నడిపాం.

అలా నడుస్తుండగా సలీం భాయ్ బావమరిది పెళ్లి వచ్చింది. బార్కస్‌లో పెళ్లంటే ఒక పూటతో తేలేది కాదు, దావత్ మీద దావత్. పెన్ డ్రైవ్ ఆయన షేర్వాణీ జేబులో ఉండిపోయింది. ఇక్కడ విక్టర్ అన్నకు ఆగే ఓపిక లేదు. ఫోన్ నంబర్లను మేం తయారుచేస్తున్న చదివే మిషిన్ కోట్లలో చదివేది. తొమ్మిది వందల ఎనభై నాలుగు కోట్ల అని మొదలుపెట్టి లక్షల్లోకి, వేలల్లోకి దిగేది. జీవితమంతా ఫోన్ నంబర్లు పలికిన మనిషికి అది వింటే ఒళ్లు మండదూ? ఎక్కడ ఆపాలో, ఏ అంకెలను జతగా చెప్పాలో వివరంగా రాసుకుంటూ, ఆ వారమంతా సాయంత్రాలు మా కంప్యూటర్లోనే పనిచేశాడు. పెళ్లి అయిపోయి సలీం భాయ్ మిఠాయి డబ్బాతో వచ్చాడు, అలవాటు ప్రకారం పెన్ డ్రైవ్ పెట్టి తన కాపీని కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఆ సాయంత్రం విక్టర్ అన్న వచ్చి మీట నొక్కగానే మిషిన్ మళ్లీ కోట్లు అందుకుంది.

"ఎవడు ముట్టిండు గిది?" అన్నాడు విక్టర్ అన్న.

"నేనే భాయ్," అన్నాడు సలీం భాయ్, మిఠాయి నములుతూ. "పెన్ డ్రైవ్ నా తాన ఉండె గదా. రూల్ ప్రకారమే ఎక్కించిన."

"రూల్‌ను జేబుల వెట్టుకోని నువ్వు దావత్‌లు తింటివి. వారం దినాల నా పని నీ ఒక్క కాపీ కింద పాయె!"

సలీం భాయ్ ముఖం చిన్నబోయింది. "మాఫ్ చెయ్ భాయ్. నాకేం ఎరుక? మళ్ల టైప్ చేద్దాం, నేను కూసుంట నీతోని" అన్నాడు. ఎవరిని తప్పు పడతాం? మా పద్ధతి ప్రకారం ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైనదే. పాలు పోయడానికి పనికొచ్చినది ప్రోగ్రాం రాయడానికి పనికిరాదని ఆ రోజు తెలిసింది. పోసిన పాలు గిన్నెలో ఉంటాయి, ఇంకొకరు పోస్తే ఎక్కువవుతాయి. ప్రోగ్రాం అలా కాదు, రెండోవాడు పోస్తే మొదటివాడిది మాయం.

మరుసటి ఆదివారానికి సలీం భాయ్ ఒక సీడీ పట్టుకొచ్చాడు. ఎవరు ఏ లైను ఎప్పుడు మార్చారో గుర్తుంచుకుని, ఒకరి రాత మీద ఇంకొకరి రాత పడకుండా కాపలా కాసే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి, వాటినే వెర్షన్ కంట్రోల్ అంటారు. సలీం భాయ్ తెచ్చినది చూడ్డానికి పెళ్లి పందిరిలా ఉంది. ఎడమవైపు పాత రాత, కుడివైపు కొత్త రాత. తీసేసినది ఎర్రగా, చేర్చినది పచ్చగా. మౌస్‌తో పట్టుకుని ఇటు నుంచి అటు లాగితే చాలు. మా సెంటర్ వాళ్లిద్దరూ అబ్బా అన్నారు. నేనూ అన్నాను, ఎందుకు దాచాలి? బాగుంది మరి. నేను చూసి పెట్టుకున్నది గిట్. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, ఆజ్ఞలన్నీ టైపు చేయాలి, ఒక్క బొమ్మ లేదు. దాని సుగుణం ఏమిటంటే ప్రతి ఒక్కరి దగ్గరా మొత్తం చరిత్రతో సహా పూర్తి కాపీ ఉంటుంది. కరెంటు పోయినా, ఇంటర్నెట్ లేకున్నా, ఎవరింట్లో వాళ్లు పని చేసుకుని తీరిక దొరికినప్పుడు కలుపుకోవచ్చు. ఆ రంగుల ముందు నా నల్ల తెరను చూసి జాలిపడ్డారు అందరూ.

విక్టర్ అన్న కుర్చీ ముందుకు లాక్కుని సలీం భాయ్ తెచ్చిన దాని మీద చెయ్యి వేశాడు. ఆయన ఏ మీట నొక్కినా ఇంగ్లిష్ గొంతు ఒకటే మాట అంది: బటన్. ఇంకోటి నొక్కితే మళ్లీ బటన్. ఏ బటనో, దేనికో, ఎర్రదేదో, పచ్చదేదో ఆ గొంతుకు తెలియదు. చాలాసేపు ప్రయత్నించి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఫికర్ ఎందుకు భాయ్?" అన్నాడు సలీం భాయ్, ఎంతో ప్రేమగా. "నువ్వు నోటితోని చెప్పు, మేం ఎక్కిస్తం. నీకు తక్లీఫే ఉండది."

విక్టర్ అన్న గొంతు పెంచకుండా అన్నాడు: "సలీం, నువ్వు మంచిగనే అంటున్నవ్. గని ఇను. నేను చెప్త, మీరు ఎక్కిస్తరు. మీకు నచ్చింది ఎక్కిస్తరు, నచ్చంది మర్సిపోతరు. నేనేమో ఐతారం ఐతారం వచ్చి చాయ్ తాగి, మస్తున్నది మస్తున్నది అని పోవాలె. గట్ల నాతోని కాదు. నా చేతులతోని నేనే కొట్టాలె. తప్పైతే నా పేరు మీదనే తప్పు పడాలె. లేకుంటే మీరే చేసుకోండ్రి. అయినంక చెప్పుండ్రి, అందరి లెక్క నేను గూడ ఇంట."

మా సెంటర్ వాళ్లలో ఒకాయన గొంతు సవరించుకుని, "మేడం, ఒక్కరి కోసం అందరం గీ నల్ల స్క్రీన్ చూసుకుంట కూసోవాల్నా?" అన్నాడు. నాకు ఎక్కడో కాలింది. "ఒక్కరి కోసమెట్ల? చేస్తున్నదే ఇనేటోళ్ల కోసం. ఇనేటోళ్లల్ల రాసేటోడు ఒకడు దొరికిండు. ఆయన్నే గడప అవతల నిలవెట్టి మనం ఎవరికి చేస్తున్నం?" అని గట్టిగానే అరిచాను. కొట్టంలోంచి బాపు కేకేశాడు, "ఏంది బిడ్డా ఆ లొల్లి? బర్రెలు బెదురుతున్నయ్!" అని. కాసేపు బర్రెలు బెదిరితే ఏమీ కాదనుకుని, ఉన్నవన్నీ అక్షరాలే గనుక గొంతు చదవగలిగే గిట్‌నే పెట్టుకుంటున్నామని తేల్చేశాను. సెంటర్ వాళ్లిద్దరూ కొన్ని ఆదివారాలు వచ్చి, ఆజ్ఞలు టైపు చేయలేక విసిగి మానేశారు. చేతులు తక్కువయ్యాయి, పని మెల్లగా నడిచింది. అయినా నేను చేసింది సరైనదేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను.

గిట్ మాకు పూలబాట పరవలేదు. మొదటి రోజే అదేదో రాత పెట్టె తెరుచుకుంది, మార్పు ఎందుకు చేశారో అందులో రాయమంది. లోపలికైతే వెళ్లాం, బయటికొచ్చే దారి ముగ్గురికీ దొరకలేదు. ఏ మీట నొక్కినా అక్షరాలు పడుతున్నాయి తప్ప అది మూతపడదు. చివరికి సలీం భాయ్ లేచి వైరు పీకేశాడు. విక్టర్ అన్నకు వేరే కష్టం. మార్పులు చూపించమంటే గిట్ తీసేసిన లైనుకు మైనస్, చేర్చిన లైనుకు ప్లస్ పెట్టి చూపిస్తుంది. ఇంగ్లిష్ గొంతు ప్రతి గుర్తునూ వదలకుండా ప్లస్ ప్లస్ మైనస్ మైనస్ అని జపం చేసేది. "గిది చదువుతున్నదా, ఎక్కాలు అప్పజెప్తున్నదా?" అని తిట్టుకుంటూనే, తనకు కావలసినంత మాత్రమే పలికేలా దాన్ని దారికి తెచ్చుకున్నాడు. సలీం భాయ్ దుకాణంలో పాత భాగాలన్నీ ఏరి ఆయనకో కంప్యూటర్ కట్టి ఇంటికి మోసుకెళ్లి పెట్టాడు. దానికి తెర లేదు. తెర ఎందుకని ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారట.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలకు ఇదంతా చెబితే వింతగా చూస్తారు. వాళ్లకు గిట్ అంటే కుళాయి తిప్పితే నీళ్లొచ్చినంత మామూలు. దాన్ని ఎవరో కూర్చుని ఎంచుకున్నారనీ, ఎంచుకోవడానికి కొట్లాడుకున్నారనీ వాళ్లకు తోచదు. కావలసినన్ని రంగుల తెరలు దాని మీదికే వచ్చాయి, వాటిలో కొన్నిటి బటన్ల పేర్లను గొంతు సరిగ్గా పలుకుతుంది కూడా, మంచిదే. కొట్టం పోయి ఆ జాగాలో మాకు మేడ వచ్చింది, కరెంటు పోవడం తగ్గింది, పాలు ప్యాకెట్లో వస్తున్నాయి. పాత రోజులే బంగారమని నేను అనను, ఆ పేడ ఎత్తిన చేతులు నావి. ఒక్కటి మాత్రం ఇప్పుడు తక్కువగా కనిపిస్తోంది. మనిషిని పొగడటం తేలికైపోయింది. ఆ మనిషి చేసిన పని చదివి, ఇది బాగుంది, ఇది బాగోలేదు అని మొహం మీద చెప్పే ఓపిక ఎవరికీ లేదు. విక్టర్ అన్నకు ఏది కావలసి ఉండిందో నాకు బాగా తెలిసింది ఒక పొద్దున, మా గేటు దగ్గర.

గిట్ పెట్టుకున్న కొత్తలోనే ఆ గొడవ. ఒక వాక్యం చదివాక మిషిన్ ఎంతసేపు ఆగి రెండోది అందుకోవాలన్నది ఒకే ఒక్క లైను. సలీం భాయ్ దాన్ని ఎక్కువసేపు ఆగేలా మార్చాడు. అదే లైనును విక్టర్ అన్న తన ఇంట్లో కూర్చుని దాదాపు ఆగకుండా పరుగెత్తేలా మార్చాడు. ఇద్దరి మార్పులూ నా దగ్గరికి చేరాయి. రెండూ ఒకే లైను మీద ఢీకొన్నాయి, ఏది ఉంచాలో నువ్వే తేల్చు అని గిట్ ఆగిపోయింది. ఆఫీసులో గానీ చర్చిలో గానీ విక్టర్ అన్నకు ఎవరూ ఎదురు చెప్పేవాళ్లు కారు. చెయ్యి పట్టి రోడ్డు దాటించేవాళ్లు, సరే సరే అనేవాళ్లు, తర్వాత తమకు తోచినట్టు చేసుకునేవాళ్లు. వినడం గురించి ఆయనకు చెప్పడానికి నేనెవరిని అని నాకూ ఒక క్షణం అనిపించింది. కానీ అమ్మను కూర్చోబెట్టి రెండూ వినిపించాను. విక్టర్ అన్న వేగానికి ఆమెకు ఒక్క ముక్క అందలేదు. ఆయన లైను తీసేసి సలీం భాయ్‌ది ఉంచాను. కారణం కూడా రాశాను: అందరూ నీలా ఉరకలేరు అన్నా, నీకు అలవాటైంది, వాళ్లకు కాలేదు.

కలిపినదాన్ని ఆ సాయంత్రమే విక్టర్ అన్నకు పంపాను. మర్నాడు బాపు పాలు పిండుతుండగానే గేటు మీద చేతికర్ర చప్పుడు.

"పద్మా! బయటికి రా! నా లైను ఎందుకు తీసేసినవ్?"

జడ అల్లుకుంటూనే బయటికొచ్చాను. "రాసిన గదా అన్నా. ఇనలేదా?"

"ఇన్న, మళ్ల మళ్ల ఇన్న. గంత సేపు ఊకుంటే మిషిన్ సచ్చిపోయిందనుకుంటరు!"

"నీ స్పీడుల పెడితే మనిషి సచ్చిపోతడు. మా అమ్మకు ఇనిపిచ్చిన, ఏం తెల్వలే అన్నది."

"మీ అమ్మకు కండ్లున్నయ్ గదా! ఆమెను ఎందుకు అడుగుతవ్?"

"కండ్లున్నయ్, సదువు లేదు. ఆమె గూడ ఇనేటోళ్లల్ల ఒకామె. గీ మిషిన్ నీ ఒక్కనిదే అనుకుంటున్నవా?"

"నాదొక్కనిదే అని నేనెప్పుడన్న? తీసేసేటప్పుడు ఒక్క మాట అడగాల్నా వద్దా?"

"అడగ. నీ లైను బాగుంటే ఉంచుత, బాగలేకుంటే తీస్త. సలీం భాయ్‌ది గూడ గట్లనే తీస్త."

పక్కింటివాళ్లు గిన్నెలు పట్టుకుని నిలబడి చూస్తున్నారు. బాపు పాల బకెట్‌తోనే పరుగున వచ్చాడు. "తప్పు బిడ్డా! కండ్లు లేని మనిషి పొద్దుగాల్నే గింత దూరం నడిసొస్తే గట్ల ఎదురు మాట్లాడ్తవా? ఆయన చెప్పినట్టే పెట్టరాదు, ఏం పోతది?" అన్నాడు.

విక్టర్ అన్న గిరుక్కున ఆయన వైపు తిరిగాడు. "బాపూ, నీకు దండం వెడ్త, నువ్వు నడుమల రాకు. పుట్టినప్పటి సంది అందరు నాకు సరే అన్నోళ్లే. నా పనిల తప్పున్నదని నా మొకం మీద చెప్పినోళ్లు లేరు. గీ పిల్ల చెప్పింది. కొట్లాడనియ్యి నన్ను!"

నా కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా ఆ లైను మార్చే ఉద్దేశం నాకు లేదు. గేటు తీసి, "లోపలికి రా అన్నా, కూసోని కొట్లాడుదం" అన్నాను. ఆయన గడప దగ్గర చెప్పులు విడిచి, కర్ర గోడకు ఆనించి, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.